బెత్ బతికి ఉన్న పుస్తకం

(కడపలో పుస్తకాలు చదివే మిత్రులు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంతమంది ఆడపిల్లలు కూర్చోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక నవల గురించి మాట్లాడమన్నారు. ఏ నవల అని అడిగితే మీ ఇష్టం అన్నారు. ఆ మాట అన్న క్షణంలోనే నాకు తట్టిన పుస్తకం ఒక్కటే. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను, ఇంతకంటే గొప్ప నవలలు చాలా చదివాను. కానీ ఇంట్లో మనిషి మాదిరి నాతో ఉండిపోయింది మాత్రం ఇదే. అమెరికా రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ రాసిన 'లిటిల్ ఉమెన్'. నలుగురు అక్కచెల్లెళ్ల కథ.

ముందు మా ఇంటి సంగతి చెప్పనివ్వండి. ఆ పుస్తకం నాకు అక్కడే దొరికింది కాబట్టి.

1979 ఎండాకాలం. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. పెద్దక్కకు ఇరవై, నాకు పదిహేడు, చెల్లెలికి పదమూడు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా నాయన పాత పుస్తకాలు అమ్మే బండి దగ్గర మూడు రూపాయలు పెట్టి ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చినాడు. నాకు ఇంగ్లీషు బాగుపడుతుందని ఆయన ఆశ. అట్ట లేదు. మొదటి రెండు ఆకులు లేవు. లండన్‌లో అచ్చయిన పుస్తకం అని మాత్రం ఒక మూల ఉండేది.

కడప ఎండలు మీకు చెప్పాల్సిన పని లేదు. రాత్రి పదయినా ఇంట్లో గోడలు సెగలు కక్కుతాయి. మిద్దె మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి అందరం అక్కడే పడుకునేవాళ్లం. నేను లాంతరు పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదువుతూ, అప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. తెలియని మాట వస్తే దాటేసేదాన్ని, లేదా నాకు తోచింది చెప్పేదాన్ని. పెద్దక్క పదో తరగతితో చదువు ఆపేసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ కథ ఎక్కడ ఆపినానో మరుసటి రోజు నాకంటే ఆమెకే బాగా గుర్తుండేది.

కథలో మెగ్‌కు పదహారు, జోకు పదిహేను, బెత్‌కు పదమూడు, ఏమీకి పన్నెండు. తండ్రి యుద్ధంలో ఉన్నాడు. అమెరికా అంతర్యుద్ధం అది. ఇంట్లో డబ్బుల్లేవు. క్రిస్మస్‌కు కానుకలు ఉండవని జో రగ్గు మీద పడుకుని సణగడంతో నవల మొదలవుతుంది. పండగపూట కొత్త బట్టలు లేవంటే ఇంట్లో ఎట్లుంటుందో మాకు తెలుసు. కాబట్టి మొదటి వాక్యంలోనే మేం ఆ ఇంట్లోకి పోయినాం.

ఇక రెండో రోజో మూడో రోజో వచ్చింది నిమ్మకాయల కథ. ఏమీ చదివే బడిలో ఆడపిల్లలందరికీ ఉప్పులో ఊరేసిన నిమ్మకాయల పిచ్చి. ఒకరికొకరు ఇచ్చుకోవడం, పుచ్చుకోవడం, అప్పులు. ఎవరి దగ్గర నిమ్మకాయలు ఉంటే వాళ్లదే పెత్తనం. మెగ్ ఇచ్చిన డబ్బులతో ఏమీ ఇరవై నాలుగు నిమ్మకాయలు కొనుక్కుని బడికి పోతుంది. పంతులు వాటిని నిషేధించి ఉన్నాడు. అందరి ముందూ రెండేసి చొప్పున కిటికీలోంచి పారేయిస్తాడు, అరచేతి మీద కొడతాడు, విశ్రాంతి గంట దాకా నిలబెడతాడు. పెద్దక్క లేచి కూర్చుంది. "ఆ దేశంలో గూడా నిమ్మకాయలు ఊరేస్తారా మే?" అనింది. నిమ్మకాయ ఊరగాయ మాకు జ్వరం వస్తే గంజిలో నంజుకునేది. నోరు చేదుగా ఉన్నప్పుడు నాలుక మీద పెట్టుకునేది. అది అట్లా ప్రపంచానికి ఆ చివర, వందేళ్ల కిందట, ఒక చిన్నపిల్ల చేతిలో కనపడేసరికి మాకు వాళ్లు బంధువులైపోయినారు. మరుసటి రోజు పెద్దక్క అన్నంలో ఊరగాయ పెట్టుకుని, అదే చేత్తో ఆ పేజీ ఎక్కడుందో చూపించమని పుస్తకం పట్టుకుంది. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఇదిగో, మీరు వెనక నుంచి చూడలేరు కానీ, ఇక్కడ పేజీ మూల పసుపుగా ఉంది.

అన్నీ అంత సులభంగా అర్థం కాలేదు. ఏమీ గడ్డకట్టిన నదిలో పడిపోయే ఘట్టం ఉంది. మంచు మీద జారుతూ పోతుంటారు. నీళ్ల మీద మనుషులు నడవడం ఏందని చెల్లెలు నన్ను చదవనివ్వలేదు. మన దగ్గర పెన్నలో నడుస్తాం, బుగ్గవంకలో నడుస్తాం. నీళ్లు ఉండవు కాబట్టి నడుస్తాం. నీళ్లు ఉండి గూడా నడిచే నది ఒకటి ఉంటుందని ఆ రాత్రి మా చెల్లెలు నమ్మలేదు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు చూసింది కాబట్టి, నది మొత్తం అట్లాంటి ఒక దిమ్మ అనుకో అని చెప్పాను. అప్పుడు ఊరుకుంది.

ఆ ఘట్టానికి ముందు జరిగింది మీలో చదివిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కలిద్దరూ నాటకానికి పోతూ ఏమీని తీసుకుపోరు. నువ్వు పశ్చాత్తాపపడతావు అని ఏమీ అంటుంది. జో కొన్నేళ్లుగా రాసుకున్న కథల పుస్తకాన్ని పొయ్యిలో వేసి కాల్చేస్తుంది. దానికి ఇంకో కాపీ లేదు. జో చెల్లెల్ని పట్టుకుని ఊపేస్తుంది, జీవితంలో క్షమించనంటుంది. మరుసటి రోజే నదిలో ప్రమాదం. చెల్లెలు వెనక వస్తున్నదని తెలిసి కూడా, మంచు పలచగా ఉందని హెచ్చరించకుండా జో ముందుకు పోతుంది.

ఆ రాత్రి జో తల్లి దగ్గర కూర్చుని ఏడుస్తుంది. నాకు ఇంత కోపం ఎందుకు వస్తుందమ్మా అని అడుగుతుంది. అప్పుడు ఆ తల్లి అంటుంది: నాకు కూడా దాదాపు రోజూ కోపం వస్తుంది, అది బయటపడకుండా ఉండటం నేర్చుకున్నానంతే, దానికే నలభై ఏళ్లు పట్టింది అని.

నేను ఆ వాక్యం తెలుగులో చెప్పినప్పుడు మా అమ్మ పిట్టగోడకు ఆనుకుని విసనకర్రతో చెల్లెలికి విసురుతా ఉంది. ఆమె కథ వింటున్నదని మాకెవరికీ తెలియదు. విసనకర్ర ఆగిపోయింది. కొంచెం సేపటికి, "ఆ మాట ఇంకోసారి చదువు" అనింది. చదివాను. ఆమె ఇంకేమీ అనలేదు. మళ్లీ విసరడం మొదలుపెట్టింది. మా అమ్మ గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆమెకు కోపమే రాదని మేం ముగ్గురం అనుకునేవాళ్లం. ఈ నవలను మంచి నడవడి నేర్పే పుస్తకమని చాలామంది ఆడపిల్లల చేతిలో పెడతారు. మా నాయన కూడా అట్లాగే పెట్టినాడు. కానీ తల్లికి రోజూ కోపం వస్తుందని 1868లో ఒక ఆడపిల్లల పుస్తకంలో రాయడం అంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

జుట్టు అమ్ముకునే ఘట్టం గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిందే. ఆస్పత్రిలో ఉన్న తండ్రి కోసం జో తన జుట్టు కత్తిరించి ఇచ్చి ఇరవై ఐదు డాలర్లు తెస్తుంది. మనం కొండకు పోయి తలనీలాలు ఇచ్చే వాళ్లం, జుట్టు ఇవ్వడం మనకు కొత్త కాదు. కానీ అందరి ముందు ధైర్యంగా ఉన్న జో, రాత్రి దుప్పటి కింద తన జుట్టు కోసం ఏడుస్తుంది చూడండి, ఆ ఏడుపు రాసింది కాబట్టే ఆ త్యాగం మనకు నమ్మకంగా ఉంటుంది.

ఇప్పుడు బెత్ దగ్గరికి వస్తాను.

బెత్ నెమ్మదస్తురాలు. ఇల్లు, పియానో, పిల్లిపిల్లలు, అంతే ఆమె ప్రపంచం. పక్కన ఒక పేద జర్మన్ కుటుంబం ఉంది. బెత్ తల్లి ఊళ్లో లేదు. వాళ్లను చూసి రమ్మని అక్కలకు బెత్ చెప్తూనే ఉంటుంది. ఒకరికి అలసట, ఒకరికి రాసుకునే పని. చివరికి తనే పోతుంది. ఆ ఇంట్లో పసిబిడ్డ ఆమె ఒళ్లోనే ప్రాణం విడుస్తుంది. బెత్‌కు స్కార్లెట్ ఫీవర్, ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేచే అంటుజ్వరం, అంటుకుంటుంది. ఒక రాత్రంతా చావుబతుకుల మధ్య ఉంటుంది. మిద్దె మీద మేం ఎవరం నిద్రపోలేదు. లాంతరులో కిరసనాయిలు అయిపోతుంటే పెద్దక్క కిందికి దిగి పోసుకొచ్చింది. తెల్లవారుతుండగా జ్వరం దిగుతుంది. బెత్ బతుకుతుంది. తండ్రి ఇంటికొస్తాడు. మెగ్‌కు సంబంధం కుదురుతుంది. పుస్తకం అయిపోయింది.

అయిపోయిందనే మేం అనుకున్నాం. ఆ ఏడే పెద్దక్క పెళ్లయింది, తాడిపత్రికి పోయింది.

1987లో చెల్లెలు తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నప్పుడు నాకు ఒక ఇన్‌లాండ్ లెటర్ రాసింది. మామూలుగా ఆమె ఉత్తరంలో మడతల మీద కూడా చోటు వదలకుండా రాస్తుంది. ఆ ఉత్తరంలో మటుకు రెండే వాక్యాలు. "చిన్నక్కా, బెత్ చచ్చిపోయింది. నీకు తెలుసా?"

లైబ్రరీలో ఆమెకు పూర్తి పుస్తకం దొరికింది. సంగతేమిటంటే, ఈ నవల రెండు భాగాలుగా వచ్చింది. మొదటిది 1868 సెప్టెంబరులో, రెండోది 1869లో. అమెరికాలో తర్వాత రెండూ కలిపి ఒకటే నవలగా వేశారు. ఇంగ్లండులో మాత్రం రెండో భాగాన్ని 'గుడ్ వైవ్స్' అని వేరే పేరుతో అమ్మారు. కాబట్టి అక్కడ అచ్చయిన చాలా ప్రతుల్లో మొదటి భాగమే ఉంటుంది. మా మూడు రూపాయల పుస్తకం అట్లాంటిది. మా బెత్ ఎనిమిదేళ్లు ఎక్కువ బతికింది.

నేను వెంటనే తిరుపతి పోయి పూర్తి పుస్తకం చదివాను. హాస్టల్ గదిలో నేను చదువుతుంటే చెల్లెలు పక్కన కూర్చుని నా మొహమే చూస్తా ఉంది, ఎక్కడికొచ్చానో కనిపెట్టడానికి. ఆ తర్వాత నుంచే నేను ఈ రచయిత్రి జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను. అందులో నాకు దొరికినదాన్ని మీకు చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

ఆల్కాట్‌లు కూడా నలుగురు అక్కచెల్లెళ్లే. అన్నా, లూయిసా, ఎలిజబెత్, మే. తండ్రి బ్రాన్సన్ గొప్ప ఆలోచనలున్న మనిషి, ఇల్లు గడపడం చేతకాలేదు. ఇళ్లు మారుతూనే ఉన్నారు. లూయిసా కుట్టుపని చేసింది, పాఠాలు చెప్పింది, ఒక ఇంట్లో పనిమనిషిగా కూడా చేసింది. యుద్ధంలో నర్సుగా పోయి టైఫాయిడ్ తెచ్చుకుంది. దానికి ఇచ్చిన పాదరసం మందు ఆమె ఒంటిని బాగా దెబ్బతీసింది. ఇల్లు గడవడానికి వేరే పేరు పెట్టుకుని పగలు, ప్రతీకారాల కథలు రాసి పత్రికలకు అమ్మింది. ఆ రహస్య పేరును లియోనా రోస్టెన్‌బర్గ్ అనే ఆమె 1943లో బయటపెట్టారు. అంతదాకా ప్రపంచానికి తెలియదు.

ఆడపిల్లల కోసం ఒక పుస్తకం రాయమని ప్రచురణకర్త థామస్ నైల్స్ అడిగినప్పుడు ఆమెకు పెద్దగా ఇష్టం లేదు. నాకు మా అక్కచెల్లెళ్లు తప్ప వేరే ఆడపిల్లలు తెలియదని డైరీలో రాసుకుంది. అయినా ఒప్పుకుంది. కాంకర్డ్ అనే ఊళ్లో ఆర్చర్డ్ హౌస్ అని వాళ్ల ఇల్లు. రెండు కిటికీల మధ్య తండ్రి చేసిపెట్టిన అర్ధచంద్రాకారం చెక్కబల్ల. పెద్దదేం కాదు. దాని మీద రెండున్నర నెలల్లో మొదటి భాగం రాసేసింది. నవలలో మార్చ్ కుటుంబం ఉండేది ఆ ఇల్లే అంటారు, ఇప్పుడు చూడటానికి పోయినవాళ్లకు గదులన్నీ కథలో ఉన్నట్టే కనిపిస్తాయట.

ఇప్పుడు తేదీలు చూడండి. నిజమైన బెత్, అంటే ఎలిజబెత్, 1858 మార్చిలో చనిపోయింది. అంతకు రెండేళ్ల కిందట ఒక పేద కుటుంబం నుంచే ఆమెకు స్కార్లెట్ ఫీవర్ అంటుకుంది, మళ్లీ కోలుకోలేదు. చనిపోయేనాటికి ఇరవై రెండేళ్లు. ఆల్కాట్‌లు ఆర్చర్డ్ హౌస్‌లోకి మారింది అదే ఏడాది జూలైలో.

అంటే బెత్ ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా లేదు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. పదేళ్ల తర్వాత అక్క ఆ బల్ల దగ్గర కూర్చుని, చెల్లెల్ని వేలు పట్టుకుని ఆ ఇంట్లోకి తీసుకొచ్చింది. ఆమెకొక మూల ఇచ్చింది, పిల్లిపిల్లల్ని ఇచ్చింది, పక్కింటి పెద్దాయన చేత పియానో ఇప్పించింది. మొదటి భాగంలో జ్వరం నుంచి బతికించుకుంది. పెద్దక్క అన్నా పెళ్లి 1860లో ఆ ఇంటి ముందుగదిలోనే అయిపోయింది. నలుగురూ ఒకే కప్పు కింద ఉండే ఇల్లు లూయిసా రాసేనాటికి లేదు. లేనిదాన్ని ఆమె రాసి పెట్టుకుంది.

ఇంత కాలంగా పాఠకులు ఈ పుస్తకాన్ని ఎందుకు వదలడం లేదని అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఇదే. మన ఇళ్లల్లో అక్కచెల్లెళ్లు కలిసి ఉండేది ఎన్నేళ్లు? లెక్కేసుకోండి. చిన్నది పుట్టినప్పటి నుంచి పెద్దదాని పెళ్లి దాకా. మాకైతే పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో ఒకరి రవిక ఒకరు తొడుక్కున్నందుకు జుట్లు పట్టుకుని కొట్టుకుంటాం, రాత్రికి ఒకే దుప్పటి కప్పుకుంటాం. ఒక రోజు ఒకామె తాడిపత్రి బస్సు ఎక్కుతుంది, అంతే. తర్వాత కలిసేదంతా పండక్కో పురుడికో చూడటానికి పోవడమే. సాహిత్యంలో ఆడపిల్ల కథ చాలామటుకు పెళ్లి దగ్గర మొదలవుతుంది, లేదా పెళ్లి దగ్గర ముగుస్తుంది. పెళ్లికి ముందున్న ఆ కాస్త కాలానికి ఇంత పెద్ద ఇల్లు కట్టి, అందులో నాలుగు రకాల ఆడపిల్లల్ని ఎవరికి వాళ్లుగా నిలబెట్టిన నవల నేను చదివినవాటిలో ఇదొక్కటే.

అప్పటి పాఠకులు కూడా ఆ ఇంటిని ఎంత ప్రేమించారంటే రచయిత్రికి ఊపిరాడనివ్వలేదు. మొదట వేసిన రెండు వేల ప్రతులు త్వరగానే అమ్ముడుపోయాయి. మొదటి భాగం చివర, తెర మళ్లీ లేస్తుందా లేదా అన్నది ఈ అంకానికి దొరికే ఆదరణను బట్టి ఉంటుందని ఆమె రాసింది. ఆదరణ ఉత్తరాల రూపంలో వచ్చింది. అందరూ అడిగింది ఒకటే, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకుంటారు? ఆడదాని బతుక్కు అదొక్కటే గమ్యం అయినట్టు అడుగుతున్నారని ఆమె డైరీలో విసుక్కుంది. ఎవరి కోసమూ జోను పక్కింటి కుర్రాడు లారీకి ఇచ్చి చేయనని రాసుకుంది. మాట నిలబెట్టుకుంది. జోకు నడివయసు జర్మన్ ప్రొఫెసర్‌ను తెచ్చింది. దీని మీద ఇప్పటికీ గొడవే. నాకు అడిగితే జో లారీని కాదనడం సరైనదే. ఇద్దరిదీ ఒకే కోపం, ఒకే మొండితనం, ఆ కాపురం నిలిచేది కాదు. ప్రొఫెసర్ జో రాసే కథలను తప్పుపట్టడం మాత్రం నాకు ఎన్నిసార్లు చదివినా నచ్చదు. ఆ కథల డబ్బులతోనే ఆ ఇల్లు గడిచింది. లూయిసా మటుకు పెళ్లే చేసుకోలేదు.

సినిమాలు చాలా వచ్చాయి, 1933లో, 1949లో, 1994లో, 2019లో. పిల్లలు చివరిది చూసి ఉంటారు, బాగుంటుంది. ఫ్రాన్సులో రచయిత్రి సిమోన్ ద బోవా చిన్నప్పుడు జోలో తనను చూసుకున్నానని రాసింది. ఇట్లా చెప్పుకుంటూ పోతే చాలామంది ఉన్నారు.

ఆర్చర్డ్ హౌస్‌ను పడిపోకుండా కాపాడి 1912లో జనం చూడటానికి తెరిచారు. చిన్న చెల్లెలు మే గోడల మీద వేసిన బొమ్మలు కూడా అట్లాగే ఉంచారట. ఆ సంగతి చదివినప్పుడు నాకు మన ఎర్రముక్కపల్లె గుర్తొచ్చింది. బ్రౌన్ దొర ఉన్న బంగళా మొండిగోడలు మిగిలిన జాగాలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టారు. ఇల్లు పోయినా పుస్తకాలకు ఇల్లు కట్టిన ఊరు మనది. కాబట్టి ఈ ఊళ్లో నిలబడి ఆ ఇంటి గురించి చెప్పడం నాకు పరాయి సంగతి చెప్తున్నట్టు లేదు.

ఒక సంగతి మిగిలింది. పూర్తి పుస్తకం చదివాక పెద్దక్కకు చెప్పాలా వద్దా అని నాకూ చెల్లెలికీ చాలా రోజులు టెన్షన్. ఆమెకు ఇంగ్లీషు రాదు, మేం చెప్పకపోతే ఆమెకు తెలిసే దారి లేదు. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. ఒకసారి తాడిపత్రి పోయినప్పుడు, ఆమె రోట్లో ఊరిబిండి నూరుతుంటే పక్కన కూర్చుని, "అక్కా, ఆ పుస్తకానికి ఇంకో భాగం ఉందంట" అన్నాను. ఆమె తల ఎత్తలేదు. "బెత్ సంగతేనా?" అనింది. నేను మాట్లాడలేదు. "ఆ పిల్ల ఉండేది గాదని నాకు ఆ పొద్దే తెలుసు. నువ్వు చెప్పొద్దు మే" అనింది. నూరడం ఆపలేదు. నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఈ రోజు నేను రెండు పుస్తకాలు తెచ్చాను. ఒకటి కొత్తది, రెండు భాగాలూ ఉన్నది. ఇంకొకటి ఈ అట్ట లేని పాతది, ఊరగాయ మరక ఉన్నది. రెండూ ఇక్కడి బీరువాలో పెట్టమని ఇస్తున్నాను, పెద్దక్కను, చెల్లెల్ని అడిగే ఇస్తున్నాను. పిల్లలు ఎవరైనా వచ్చి అడిగితే ముందు పాతది ఇవ్వండి. చదివి తిరిగిచ్చినాక, వెంటనే రెండోది చేతిలో పెట్టకండి. వాళ్లు అడిగేదాకా ఆగండి.